ఫ్రిజ్ వెనక ఊడ్చిన చోటు

"మళ్లీ చెప్పు మానోంగ్. మంగళవారం నుంచి. ఏదీ వదలకు."

సార్జెంట్ ఫిలోమెన గుంబన్ ఆ మాట అడగడం ఇది మూడోసారి. ఊచలకి అవతల దియోస్కొరో కుడిచేత్తో ఊచ పట్టుకుని, ఎడమచెయ్యి ప్యాంటు జేబులో దోపుకుని నిలబడ్డాడు. అరవై మూడేళ్ల మనిషి. ఇలోయిలో అనే ఆ ఊళ్లో సగం ఇళ్ల ఫ్రిజ్‌లు ఆయన చేతి చలవతోనే నడుస్తున్నాయి. ఊరందరికీ ఆయన మానోంగ్ దోరో, దోరో అన్నయ్య. రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి కానీ గొంతులో విసుగు లేదు.

"మంగళవారం పదింటికి ఫ్రిజ్ దించారు. ట్రైసికిల్ మీద పడుకోబెట్టి తెచ్చారు, బుద్ధిలేని వెధవలు. నిలబెట్టి ఒక రోజంతా ముట్టుకోవద్దన్నాను. లోపలి నూనె కిందికి దిగాలి కదా ఇందాయ్."

యాభై ఏళ్ల పోలీసు సార్జెంటుని "ఇందాయ్" అని, అమ్మాయీ అన్నట్టు పిలిచే ఖైదీ ఈ స్టేషన్‌లో ఇంకెవడూ లేడు. ఫిలోమెన చిన్నప్పుడు వాళ్లమ్మ ఐసు అమ్ముకున్న ఫ్రిజ్‌కి గ్యాసు నింపింది ఈయనే.

"మానాంగ్ సల్వా నీ మాట విందా?" నిన్న తెల్లారి షాకు కొట్టి పోయింది సల్వా అక్కే, ఆ ఫ్రిజ్ ఆమెదే.

"అక్షరం పొల్లుపోకుండా. బుధవారం పదింటికి వెళ్లాను. గోడకి జానెడు దూరం జరిపాను. కాళ్లు తిప్పి మట్టం చేశాను. ఫ్రిజ్ వెనక మరకి పచ్చ వైరు బిగించి, కిటికీలోంచి తీసి, బట్టలుతికే చోట తడినేలలో ఇనప కడ్డీ దిగ్గొట్టి దానికి చుట్టాను. ఎర్త్ లేకుండా నేను ఒక్క ఫ్రిజ్ పెట్టలేదు ఈ జన్మలో."

"మరి లెఫ్టినెంట్ ఎస్కలోన వెళ్లి చూస్తే వైరూ లేదు, కడ్డీ లేదు."

"అదే నాకు అర్థం కావట్లేదు."

"ఆ నీలం పెట్టె సంగతి చెప్పు."

"ట్రాన్స్‌ఫార్మర్. జపాన్‌లో వాడి వదిలేసిన ఫ్రిజ్ కదా, దానికి వంద వోల్టులు చాలు. మనదేమో రెండొందల ఇరవై. మధ్యలో ఆ రేకుపెట్టె లేకపోతే కాలిపోతుంది. తినియో షాపుకి ఈ విడత తొమ్మిది ఫ్రిజ్‌లొచ్చాయి, తొమ్మిది పెట్టెలిచ్చాడు. ఏడిళ్లలో నేనే పెట్టాను."

"పెట్టెకి ఎర్త్ వేశావా?"

దోరో తల దించుకున్నాడు. "బిగించడానికి మర లేదు. విప్పితే గ్యారంటీ పోతుందని సీలు. తినియోకి ఫోన్ చేస్తే, 'కొత్త పెట్టెకి ఎందుకయ్యా నీ చాదస్తం' అన్నాడు. ఊరుకున్నాను. ఊరుకోకూడదు."

"స్విచ్చు ఎక్కడుంది?"

"పెట్టె మీదే. కరెంటు పోగానే ఆపెయ్యమన్నాను. వచ్చాక పది నిమిషాలు ఆగి, అప్పుడు వెయ్యమన్నాను. మొదట వచ్చే కరెంటు పిచ్చిగా ఎగురుతుంది. తడిచేతుల్తో ముట్టుకోవద్దన్నాను, రబ్బరు చెప్పులు లేకుండా తలుపు తియ్యొద్దన్నాను, ఐసుని కత్తితో పొడవొద్దన్నాను. అన్నీ కాగితం మీద రాసుకుంది, స్కూలుపిల్లలా."

గోడ గడియారం ఒంటిగంటా యాభై చూపిస్తోంది. సాయంత్రం ఆరింటికల్లా కాగితాలు ప్రాసిక్యూటర్ బల్ల మీదికి చేరాలి. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసిన నేరం. అవి చేరాయంటే దోరో ఈ చిన్న లాకప్ నుంచి పెద్ద జైలుకి వెళ్తాడు. అక్కడినుంచి తిరిగొచ్చేసరికి ఆయన చేతికి స్క్రూడ్రైవరు పట్టే బలం మిగలదు. ఫిలోమెనకి ఆ ఊహే కష్టంగా ఉంది.

వెళ్లబోతూ ఆగింది. "ఆ ఎడంచెయ్యి జేబులోంచి తియ్యవెందుకు? ఏముందందులో?"

దోరో తన చేతిని తనే కొత్తగా చూసుకున్నట్టు చూసుకున్నాడు. "ఏమీ లేదు. మా గురువు నేర్పిన అలవాటు. కరెంటు పని చేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. నలభై ఏళ్లు. ఇప్పుడిక నిలబడ్డా అక్కడికే పోతుంది."

* * *

మానాంగ్ సల్వా ఇంటి ముందుగదిలో శవపేటిక, దాని చుట్టూ కొవ్వొత్తులు. వరండాలో పేకాట, బల్ల మీద కాఫీ, బిస్కెట్లు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కరెంటు ఉండదని ముందే చెప్పారు కాబట్టి అందరూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. నిన్న సాయంత్రం నాలుగింటికి సల్వాని ఇంటికి తెచ్చారు. అప్పట్నుంచీ నేలమీద పుచ్చగింజల తొక్కలు, బిస్కెట్ పొడి, మైనం చుక్కలు పడినవి పడినట్టే ఉన్నాయి. శవం ఉన్న ఇంట్లో చీపురు పట్టరు. పడితే ఇంకో ప్రాణాన్ని ఊడ్చేసినట్టే.

వంటింటి గుమ్మానికి లెఫ్టినెంట్ కట్టించిన పసుపు పట్టీని ఎవరో పక్కకి చుట్టి మేకుకి తగిలించారు. కాఫీకి వేణ్ణీళ్లు కావాలిగా మరి.

"మీ అత్త పడిపోయినప్పుడు మొదట చూసింది నువ్వేనా?" అని అడిగింది ఫిలోమెన.

"నేనే మేడమ్." రొవెనకి పాతికేళ్లుంటాయి. సల్వా పెంచిన మేనకోడలు. "నిన్న ఐదూ నలభైకి. బుధవారం రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది, తెల్లారి నాలుగింటికొచ్చింది. అత్త ఐదున్నరకి లేచి జపమాల తిప్పుకుని ఫ్రిజ్ దగ్గరికెళ్లింది. దభీమని చప్పుడు."

"ఎక్కడ పడింది?"

"ఇక్కడ. ఫ్రిజ్‌కి పక్కన."

"పక్కనా? ముందు కాదా?"

"పక్కన. పెట్టె దగ్గర."

"నేల తడిగా ఉందా?"

"లేదు. అత్త రాత్రే తుడిచింది, పొడిగా ఉంది."

"చెప్పులు?"

"కాళ్లకే ఉన్నాయి. పడ్డా ఊడలేదు." రొవెన వేలు చూపించిన మూల దళసరి రబ్బరు చెప్పులు, ఆకుపచ్చవి, జంటగా పెట్టి ఉన్నాయి. ఫిలోమెన ఒకటి తీసి వంచి చూసింది. వేలెడు మందం, ఎక్కడా చిల్లు లేదు.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద కాగితం ఉంది. పైన "దోరో చెప్పినవి" అని, కింద గుండ్రటి అక్షరాల్లో ఒకటి, రెండు, మూడు. చివరిది తొమ్మిదోది: కరెంటొచ్చాక పది నిమిషాలాగి పెట్టె స్విచ్చు వెయ్యాలి. దోరో చెప్పినదాన్లో ఒక్కటీ తప్పలేదు సల్వా. నాలుగింటికొచ్చిన కరెంటుకి ఐదూ నలభై దాకా ఆగింది.

టార్చి వెలిగించి వెనక్కి దూరింది. ఫ్రిజ్ వెనకరేకంతా దుమ్ము. కింది మర చుట్టూ మాత్రం ఉంగరమంత మేర తళతళలాడుతోంది. అక్కడ ఏదో బిగించి, విప్పారు. కిటికీ అవతల ఉతికే చోట తడినేలలో బొటనవేలు పట్టేంత గుండ్రటి కన్నం, నిండా నీళ్లు. కడ్డీ పాతడమే కాదు, పీకడం కూడా జరిగింది.

నీలం పెట్టె స్విచ్చు ఆపే ఉంది, ప్లగ్గు తీసే ఉంది. అయినా ఫిలోమెన పుల్లతో పక్కకి తోసి చూసింది. ఫ్రిజ్ ప్లగ్గు మీద నల్ల సిరాతో "D" అనీ బుధవారం తేదీ రాసున్నాయి. తను ముట్టిన ప్రతి వస్తువు మీదా దోరో వేసే గుర్తు అది. పెట్టె మీద ఏ గుర్తూ లేదు.

టార్చి నేల మీదికి తిప్పింది. ఫ్రిజ్ ఆపేశాక మంచు కరిగి వెనక ట్రే పొంగింది. ఆ నీళ్లు దుమ్ముతో కలిసి ఎండిపోయి మట్టిచారికలయ్యాయి. ఆ చారికల మధ్యలో చేటంత చోటు శుభ్రంగా ఉంది. అంచుల్లో సన్నటి గీతలు, పక్కపక్కనే, ఒకే వైపుకి.

చీపురు గీతలు. తడిమీద ఊడ్చినవి.

"రొవెనా, ఈ ఇంట్లో నిన్నట్నుంచి చీపురు ఎవరు పట్టారు?"

"అయ్యో మేడమ్, ఎవరు పడతారు? అత్త ఇంట్లో ఉండగా?" ఆ పిల్ల భయంతో గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

* * *

"ఇంకా పూర్తి కాలేదా మీ పూజ?"

గుమ్మంలో లెఫ్టినెంట్ రాండల్ ఎస్కలోన. ఇరవై తొమ్మిదేళ్లు, కరెంటు లేని ఎండలో కూడా ఇస్త్రీ చెదరని చొక్కా, చంకలో ఫైలు. పొద్దున మొదలైన కేసు మధ్యాహ్నం భోజనానికల్లా తెమిలిపోవాలంటాడు. ఇప్పటిదాకా తెముల్చుకుంటూనే వచ్చాడు కూడా.

"రొవెన సంతకం కావాలి. ఒక్క సంతకం. ఎర్త్ వెయ్యలేదు, ఫ్రిజ్ కరిచింది, ముసలావిడ పోయింది. ఇందులో డిటెక్టివ్ పని ఏముంది సార్జెంట్?"

"రబ్బరు చెప్పులేసుకుని పొడినేల మీద నిలబడ్డ మనిషిని, ఎర్త్ లేని ఫ్రిజ్ ఎలా చంపింది సర్? కరెంటు ఒంట్లోకి రావాలంటే బయటికి పోయే దారి ఉండాలి కదా. ఎటు పోయింది?"

"ముసలి గుండె. చిన్న షాకు చాలు."

"వైరు లేదని మీరెప్పుడు చూశారు?"

"నిన్న."

"నిన్న ఎన్నింటికి?"

"సాయంత్రం ఆరింటికి. మీ దోరో 'వేశాను వేశాను' అని గోల పెడితే వచ్చి చూశాను."

"పొద్దున ఆరున్నరకి వచ్చినప్పుడు?"

ఎస్కలోన ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు.

"మీ ఫొటోలు చూశాను సర్. ముందువైపు నాలుగు, చక్కగా ఉన్నాయి. వెనకవైపు ఒక్కటీ లేదు."

"పోలీసోళ్లకి పాఠాలు చెప్పే వయసొచ్చింది మీకు. రిటైరయ్యాక ట్యూషను పెట్టుకోండి."

"తప్పకుండా. మొదటి పిల్లాడివి నువ్వే." నోరు జారింది. రొవెన కిటికీ వైపు తిరిగిపోయింది, నవ్వాపుకోడానికి. ఎస్కలోన చెవులు ఎర్రబడ్డాయి. ఫిలోమెన గొంతు తగ్గించింది. "క్షమించండి సర్. ఈ నేల చూడండి. మీరు ప్లగ్గు తీయించింది ఆరున్నరకి. మంచు కరిగి నీళ్లు ఇక్కడికి రావడానికి మధ్యాహ్నమైనా అవుతుంది. ఆ తడిలో చీపురు పడింది. దోరోని మీరు పట్టుకెళ్లింది ఎన్నింటికి?"

"పదకొండింటికి."

"అంటే దోరో లాకప్‌లో ఉండగా ఇక్కడికెవరో వచ్చారు. నేరం దోరో మీద పడాలని వైరు విప్పారు, కడ్డీ పీకారు, పెట్టె మార్చారు. మార్చినప్పుడు పడ్డ మసి కనపడకుండా ఊడ్చారు. ఊడ్చడమే తప్పు చేశారు. మురికిగా వదిలేస్తే నాకు అనుమానమే వచ్చేది కాదు. ఈ ఊళ్లో పుట్టినవాడెవడూ చావింట్లో చీపురు పట్టడు. కానీ భయం పట్టుకున్న చేతికి ఆచారం గుర్తుండదు."

"ఊహలు. ఫ్రిజ్‌లో తప్పేం లేదు. మా అమ్మకి ఆదివారం అదే కొన్నాను, అదే షాపులో. ఐసు రాయిలా గడ్డకడుతోంది. మీ దోరోలాంటి వాళ్లని నమ్మకుండా నేనే దగ్గరుండి ఎర్త్ వైరు వేయించాను కాబట్టి."

ఫిలోమెన ముందుగదిలోకి నడిచి పేటిక దగ్గర ఆగింది. అద్దం కింద సల్వా ముఖం పౌడరుతో తెల్లగా ఉంది. గుండెల మీద చేతులు, కుడిదాని మీద ఎడమది, వేళ్ల మధ్య జపమాల.

"రొవెనా, అద్దం ఎత్తనిస్తావా? ఒక్క నిమిషం."

రొవెన తనే అద్దం ఎత్తింది. కన్నీరు లోపల పడకూడదని ముఖం పక్కకి తిప్పుకుని, అత్త ఎడమచేతిని నిద్రపోయే బిడ్డ చేతిలా పైకి లేపింది. అరచేతిలో అడ్డంగా నల్లటి చార. డాక్టరు కాగితంలో రాసింది ఇదే. కుడిచెయ్యి గురించి కాగితంలో ఏమీ లేదు. ఫిలోమెన తన రుమాలుతో ఆ కుడి బొటనవేలి మీది పౌడరు తుడిచింది. బియ్యపుగింజంత కాలిన మచ్చ.

"రెండు చేతులు," అంది మెల్లగా. "మీ అత్తకి మోకాళ్ల నొప్పులా?"

"ఎడం మోకాలు. దేన్నైనా పట్టుకోకుండా వంగలేదు మేడమ్."

ఫిలోమెన కళ్లు మూసుకుంది. ఇప్పుడంతా కనిపిస్తోంది. స్విచ్చు నేలమీది పెట్టెకి ఉంది. ఎడమచేత్తో ఫ్రిజ్ అంచు పట్టుకుని, సల్వా వంగి, కుడి బొటనవేలితో ఆ ఇనప స్విచ్చు నొక్కింది. స్విచ్చు పడగానే లోపల తొడుగు ఊడిన తీగ రేకుని తాకి పెట్టెలోకి కరెంటు వచ్చింది. దారి కాళ్ల కింద లేదు, రబ్బరుంది. దారి ఎడమచేతిలో ఉంది. దోరో అంత శ్రద్ధగా ఎర్త్ వేసిన ఫ్రిజ్ ఆ దారి. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, మధ్యలో గుండె.

ఎర్త్ రెండింటికీ ఉంటే సల్వా బతికేది. బుధవారం అదే స్విచ్చు దోరో వేశాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది కాబట్టి ఆయనకి చీమ కుట్టినట్టు కూడా తెలియలేదు. కాగితం మీద తొమ్మిది జాగ్రత్తలు రాయించాడు. పదోది తన ఒంట్లోనే ఉండిపోయింది. అది చెప్పాల్సిన సంగతని ఆయనకే తోచలేదు. ఈ మాట ఆయనకి చెప్పాల్సింది తనే. జైలుకన్నా అదే ఆయన్ని ఎక్కువ కుంగదీస్తుందని ఫిలోమెనకి తెలుసు.

"నిన్న సాయంత్రం నాలుగుకీ ఆరుకీ మధ్య వంటింట్లోకి ఎవరు వెళ్లారు?"

"కాఫీకి మా పక్కింటామె, నేనూ. ఇంకా..." రొవెన అద్దం దించింది. "ఫ్రిజ్ షాపు తినియో సార్ వచ్చారు. బ్రెడ్డు తెచ్చారు, పెద్ద సంచీతో. 'పాపం, ఇంకొకరికి ప్రమాదం కాకుండా ఫ్రిజ్ ఓసారి చూస్తాను' అన్నారు. మంచివాడనుకున్నాను."

"వెళ్లేటప్పుడు సంచీ ఖాళీగా ఉందా?"

రొవెన కళ్లు పెద్దవయ్యాయి. "లేదు మేడమ్. బరువుగా మోసుకెళ్లారు."

ఎస్కలోన ఫైలు కుర్చీలో పెట్టేశాడు. కుర్రాడు తొందరపాటువాడే కానీ మూర్ఖుడు కాదు. "పెట్టెలు చెడ్డవని తినియోకి తెలుసంటారా?"

"నిన్న పొద్దున తెలియకపోవచ్చు. సాయంత్రానికి తెలుసు. తెలిసీ మిగతా ఎనిమిదిళ్లకీ ఒక్క ఫోను చెయ్యలేదు. నాకు కోపం దానికి." ఫిలోమెన ఆగింది. ఇంతకు ముందు విన్న మాటేదో ఇప్పుడు చెవిలో మోగింది. "సర్, మీ అమ్మగారి ఫ్రిజ్‌కి ఎర్త్ వేయించానన్నారు. పెట్టెకి కూడానా?"

"పెట్టెకి మర లేదు." ఆ మాట సగంలో ఉండగానే అతని ముఖం రంగు మారింది. "నీలం పెట్టె. అదే పెట్టె."

"స్విచ్చు ఎవరు వేస్తారు?"

"మొదటిరోజు నేనే. కరెంటు పోతే ఆపి, రాగానే వెయ్యమని అమ్మకి చెప్పాను. ఆ తర్వాత మా వీధిలో ఇవాళే కరెంటు పోవడం."

"ఇప్పుడెంతైంది?"

"మూడూ ఇరవై. నాలుగింటిదాకా రాదు. టైముంది, నేను..."

తల మీద ఫ్యాను కిర్రుమంది.

రెక్కలు ఒక చుట్టు తిరిగాయి, రెండో చుట్టు. వరండాలో పేకాటవాళ్లు "వచ్చింది!" అని అరిచారు. పక్కింట్లోంచి అదే కేక, ఎదురింట్లోంచి చప్పట్లు, ఆ వెనక వీధి, ఆ పై వీధి. కరెంటొస్తే ఊరంతా కలిసి కేక వెయ్యడం ఇక్కడ పుట్టుకతో వచ్చే అలవాటు. చిన్నప్పుడు ఆ కేకలో ఫిలోమెన గొంతే అందరికన్నా పెద్దది. ఇవాళ ఆ కేక ఆగకముందే ఆమె జేబు తడుముకుంది.

ఫోను తీసి స్టేషన్‌కి కలిపింది. "లాకప్ తెరవండి. ఎందుకని అడక్కండి, దోరో చేతికి ఫోనివ్వండి. తను పెట్టిన ఏడిళ్లకీ... ఏడు కాదు, మిగిలిన ఆరిళ్లకీ చెప్పమనండి, నీలం పెట్టె ముట్టుకోవద్దని. పది నిమిషాలుంది. వాళ్లకి ఆయన ఆగమని చెప్పాడు, ఆగుతారు. తొమ్మిదో ఇల్లెవరిదో తినియో షాపుకి ఫోన్ చేసి కనుక్కుని వాళ్లకీ చెప్పండి." ఫోను దించి ఎస్కలోన వైపు తిరిగింది. "మీ అమ్మగారు? పది నిమిషాలు ఆగుతారా?"

ఎస్కలోన అప్పటికే చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది.

"ఆగమని ఎవరూ చెప్పలేదు," అన్నాడు. "దోరోని వద్దని నేనే పెట్టించాను కదా."

అవతల ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.